కార్మికుని సేవాకాలం, పింఛను హక్కు: లెక్క ఎట్లా కుదురుతుంది?

పింఛను అనే మాట మన సమాజంలో చాలాకాలం పాటు ప్రభుత్వోద్యోగికే చెందినదిగా ఉండేది. తాలూకా కచేరీలో గుమాస్తా, తపాలా శాఖలో ఉద్యోగి, రైల్వేలో గార్డు యౌవనంలో కొలువులో చేరి, అదే యజమాని దగ్గర జీవితకాలం పనిచేసి, పదవీ విరమణ తరువాత నెలనెలా పింఛను అందుకునేవారు. వారి విషయంలో సేవాకాలాన్ని లెక్కించడం కష్టం కాదు. యజమాని ఒక్కడే, సర్వీసు రిజిస్టరు ఒక్కటే.

కాని తాపీపనివాడు, లారీ డ్రైవరు, మిల్లు కార్మికుడు, ఓడరేవులో సరుకు దించే కూలీ ఒకే యజమాని దగ్గర జీవితం గడపరు. ఒక కట్టడం పూర్తికాగానే మరొక గుత్తేదారు దగ్గరికి పోవాలి. ఒక కంపెనీ మూతపడితే మరొక ఊళ్ళో పని వెదకుకోవాలి. ఇరవై ఏళ్ళలో ఆరుగురు యజమానుల దగ్గర చెమటోడ్చిన మనిషికి వార్ధక్యంలో పింఛను ఎవరు ఇవ్వాలి? ఏ లెక్కన ఇవ్వాలి? నడుమ కొన్ని నెలలు పని దొరకకపోతే వెనకటి సంవత్సరాలు ఏమవుతాయి?

ఈ ప్రశ్నలను ఇరవయ్యవ శతాబ్దంలో విస్తృతంగా ఎదుర్కొన్నవి అమెరికాలోని కార్మిక సంఘాలు. అక్కడ కార్మిక సంఘాలు, యజమానులు కలిసి నెలకొల్పిన పింఛను నిధుల చరిత్రలో రెండు భావాలు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది సర్వీసు జమ, అనగా చేసిన పని కార్మికుని ఖాతాలో సేవాకాలంగా నమోదు కావడం. రెండవది హక్కు స్థిరపడటం, అనగా ఆ జమ ఇక ఎవరూ తీసివేయలేని సొత్తుగా మారడం. దీనినే అక్కడివారు వెస్టింగ్ అంటారు. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉండాలి అన్నదే అసలు సమస్య.

యజమాని దయ నుంచి ఒప్పందానికి

అమెరికాలో ప్రైవేటు సంస్థ పింఛను ఏర్పాటు చేయడం 1875లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీతో ప్రారంభమైంది. ఆ తరువాత రైలు కంపెనీలు, పెద్ద కర్మాగారాలు ఈ పద్ధతిని అవలంబించాయి. అయితే తొలినాటి పింఛన్లు యజమాని ఇష్టానికి లోబడినవి. విరమణకు కొద్దికాలం ముందు కార్మికుణ్ణి తొలగిస్తే అతడు కోరగలిగింది చాలా తక్కువ. పింఛనును దీర్ఘ సేవకు మెచ్చి ఇచ్చే కానుకగా భావించేవారు. కానుకను అడిగి పుచ్చుకునే హక్కు ఎవరికీ ఉండదు కదా!

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఈ స్థితి మారింది. 1946లో బొగ్గుగని కార్మికులు సమ్మెచేయగా ప్రభుత్వం గనులను తన అధీనంలోకి తీసుకున్నది. ఆ ఏడాది మే నెలలో అంతరంగిక వ్యవహారాల మంత్రి క్రూగ్‌కు, గని కార్మికుల నాయకుడు జాన్ ఎల్. లూయిస్‌కు మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం తవ్విన ప్రతి టన్ను బొగ్గుకు అయిదు సెంట్ల చొప్పున సంక్షేమ, విరమణ నిధికి చెల్లించవలసి వచ్చింది. గని ఏ యజమానిది అయినా నిధి అందరికీ ఒక్కటే.

1947లో వచ్చిన టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ఇటువంటి నిధులకు కట్టుబాట్లు విధించింది. డబ్బు సంఘం పెట్టెలోకి పోరాదు, ప్రత్యేకమైన ట్రస్టులో ఉండాలి. ఆ ట్రస్టును నడిపే మండలిలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలి. అందుచేత వాడుకలో సంఘపు పింఛను అన్నా, అది సంఘం ఒక్కదాని సొత్తు కాదు. మరుసటి సంవత్సరం ఇన్‌లాండ్ స్టీల్ కంపెనీ వ్యాజ్యంలో అప్పీలు కోర్టు, పింఛను కూడా కార్మికులతో యజమాని చర్చించి తీరవలసిన విషయమేనని తీర్పు చెప్పింది. పింఛను కానుక కాదు, నేడు ఇవ్వకుండా రేపటికి దాచిన వేతనం అనే భావం దీనితో బలపడింది.

ఈ నిధి నడిచే తీరు సరళమైనది. ఒక వృత్తిలోని అనేకమంది యజమానులు సంఘంతో ఒప్పందం చేసుకుంటారు. ప్రతి కార్మికుడు పనిచేసిన గంటకో, వారానికో ఇంత అని నిధికి చెల్లిస్తారు. కార్మికుడు ఆ ఒప్పందంలో ఉన్న ఒక యజమానిని వదలి మరొకరి దగ్గరికి పోయినా అతని ఖాతా మారదు. వేర్వేరు ప్రాంతాల నిధుల మధ్య పరస్పర ఒప్పందాలు ఉన్నచోట, పరాయి ఊళ్ళో చేసిన పనికి కూడా సొంత ఊరి నిధిలో విలువ దక్కుతుంది.

రెండు ఖాతాలు

సర్వీసు జమను అర్థం చేసుకోవడానికి, కార్మికుని పేరిట రెండు ఖాతాలు ఉన్నాయని ఊహించుకోవాలి. మొదటి ఖాతా 'పింఛను వస్తుందా, రాదా' అనే ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండవది 'వస్తే ఎంత వస్తుంది' అనే ప్రశ్నకు సమాధానం చెబుతుంది. పేరుకు రెండూ సేవాకాలమే అయినా కొలతలు వేరు.

మొదటి ఖాతాకు 1974 నాటి కేంద్రచట్టం సాధారణమైన కొలత ఏర్పరచింది. పన్నెండు నెలల కాలంలో 1,000 గంటల పని పూర్తిచేసినవారికి ఒక సంవత్సరం సర్వీసు జమ కావాలి. వారానికి 40 గంటల చొప్పున ఏడాది పొడుగునా పనిచేస్తే 2,080 గంటలు అవుతాయి. అనగా సగంకాలం పని దొరికినవారికి కూడా పూర్తి సంవత్సరం దక్కుతుంది. వేతనంతో కూడిన సెలవు, జబ్బు సెలవు వంటి గంటలు కూడా నిర్ణీత పరిమితిలో లెక్కకు వస్తాయి.

రెండవ ఖాతాలో కొలత ఇంకొంచెం కఠినంగా ఉండవచ్చు. పూర్తి సంవత్సరపు జమకు 2,000 గంటలు కావాలని నిధి నిబంధన పెట్టవచ్చు. అయితే 1,000 గంటలు దాటినవారికి ఆ నిష్పత్తిలో కొంత జమ ఇచ్చి తీరాలి.

ఒక ఊహాకల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఒక నిధిలో పూర్తి జమకు 2,000 గంటలు కావాలి. ప్రతి పూర్తి సంవత్సరపు జమకు విరమణానంతరం నెలకు 40 డాలర్ల పింఛను. ఒక కార్మికురాలు అయిదేళ్ళు ఏటా 2,000 గంటల చొప్పున, మరి పదేళ్ళు ఏటా 1,000 గంటల చొప్పున పనిచేసింది. మొదటి ఖాతాలో ఆమెకు 15 సంవత్సరాలు జమ అవుతాయి. రెండవ ఖాతాలో 5 పూర్తి సంవత్సరాలు, 10 అర్ధ సంవత్సరాలు కలిసి 10 సంవత్సరాలే అవుతాయి. ఆమె హక్కుకు 15 ఏళ్ళ బలం ఉన్నది. పింఛను మాత్రం 10 ఏళ్ళకే, అనగా నెలకు 400 డాలర్లు. ఈ భేదం తెలియక, 'పదిహేనేళ్ళు పనిచేస్తే పదేళ్ళకే లెక్క కట్టారేమి' అని విస్తుపోవడం కద్దు.

నిధి పుట్టకముందు చేసిన పనికి కూడా కొన్ని నిధులు పూర్వసేవ జమ ఇస్తాయి. అలా ఇవ్వకపోతే నిధి ఏర్పడేనాటికే వయసు మళ్ళినవారికి ప్రయోజనం కలగదు.

ఏడు నెలలు మింగిన ఇరవై ఏళ్ళు

జమ అయినంత మాత్రాన హక్కు స్థిరపడదు. నిర్ణీతమైన సంవత్సరాలు పూర్తయ్యేవరకు అది షరతులకు లోబడిన జమ. ఆ లోపల కార్మికుడు వృత్తి వదలిపోతే, అతని పేరిట యజమానులు కట్టిన డబ్బు నిధిలోనే ఉండిపోతుంది. దీనికి నిర్వాహకులు చెప్పే కారణం లేకపోలేదు. మధ్యలో పోయినవారి భాగం మిగిలితే, చివరివరకు ఉన్నవారికి ఎక్కువ పింఛను ఇవ్వవచ్చు. కాని గడువు మితిమీరితే ఈ న్యాయమే అన్యాయంగా పరిణమిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 1979 జనవరిలో తీర్పు చెప్పిన డేనియల్ కేసు ఇందుకు నిదర్శనం.

డేనియల్ షికాగో ప్రాంతంలో లారీ డ్రైవరు. 1950లో పనిలో చేరి, మరుసటి సంవత్సరం టీమ్‌స్టర్ల సంఘపు 705వ స్థానిక శాఖలో సభ్యుడైనాడు. 1954లో ఆ శాఖకు, లారీ కంపెనీలకు జరిగిన బేరసారాల ఫలితంగా పింఛను నిధి ఏర్పడింది. తొలుత ఒక్కొక్క కార్మికునికి వారానికి 2 డాలర్ల చొప్పున యజమానులు చెల్లించేవారు. కార్మికుడు తన జేబు నుంచి కట్టవలసినది లేదు. డేనియల్‌కు పూర్వసేవ కింద అయిదేళ్ళు జమ అయినాయి. పింఛనుకు అర్హత 20 సంవత్సరాల సేవ. అయితే ఆ సేవ అవిచ్ఛిన్నంగా ఉండాలని నిబంధన.

1973లో అతడు విరమించి పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. 1960 డిసెంబరు నుంచి 1961 జులై వరకు సేవలో విచ్ఛిత్తి ఉన్నదని నిధివారు దానిని తిరస్కరించారు. ఆ ఏడు నెలలలో మొదటి భాగం, ఏప్రిల్ వరకు, అతనికి పని లేకుండా పోయిన కాలం. మిగిలిన భాగంలో యజమాని వద్ద లెక్కలు రాసే గుమాస్తా డబ్బు కాజేసినందున అతని పేరిట నిధికి చందా చేరలేదు. ఆ నెలలకు తానే చందా కట్టుకొని ఉంటే అర్హత నిలిచేది, అతడు కట్టలేదు. నిబంధన సడలించమని కోరగా ధర్మకర్తలు నిరాకరించారు.

1950 నుంచి 1973 వరకు గల కాలంలో ఆ ఏడు నెలలు తీసివేసినా ఇరవై ఏళ్ళకు పైగానే మిగులుతుంది. కాని నిబంధన అడిగినది మొత్తం కాదు, తెగని వరుస. ఆ దారం 1961లో తెగిందన్నారు గనుక వెనకటి పదేళ్ళు గాలికి పోయాయి, తరువాతి పన్నెండేళ్ళు చాలకపోయాయి. డేనియల్ న్యాయవాదులు వాటాల క్రయవిక్రయాలలో మోసాలను నివారించే చట్టాలను ఆశ్రయించారు. కింది కోర్టులు ఆ వాదానికి అనుకూలించినా, ఇటువంటి పింఛను ఏర్పాటుకు ఆ చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు నిర్ణయించింది. పింఛన్ల కోసమే 1974లో ప్రత్యేక చట్టం వచ్చి ఉండగా వేరొక చట్టాన్ని ఇంతదూరం లాగవలసిన పని లేదన్నది.

1974 చట్టం చేసిన మార్పు

అధ్యక్షుడు ఫోర్డ్ 1974 సెప్టెంబరు 2న, కార్మిక దినోత్సవం నాడు, సంతకం చేసిన ఆ చట్టం 'తెగని వరుస' స్థానంలో 'కూడిన మొత్తాన్ని' నిలబెట్టింది. హక్కు స్థిరపడటానికి మూడు మార్గాలు చూపింది. పదేళ్ళ సర్వీసుతో పూర్తి హక్కు ఇవ్వడం ఒకటి. అయిదేళ్ళకు నాలుగో వంతుతో ప్రారంభించి, క్రమంగా పెంచి, పదిహేనేళ్ళకు పూర్తి చేయడం రెండవది. వయస్సును, సర్వీసును కూడి లెక్కించడం మూడవది.

విచ్ఛిత్తికి కూడా కొలత వచ్చింది. ఒక సంవత్సరంలో 500 గంటలు మించి పనిచేయకపోతేనే ఆ సంవత్సరాన్ని విచ్ఛిత్తిగా పరిగణించవచ్చు. 500కు పైబడి, 1,000కి లోపు ఉంటే కొత్త జమ రాదు, పాత జమ పోదు. ఈ కొలతతో డేనియల్ ఉదంతాన్ని మరల చూస్తే ఎంత తేడా! 1961లో ఏప్రిల్ నుంచి ఏడాది చివరివరకు పూర్తికాలం పనిచేసినవారికి వెయ్యి గంటలు సునాయాసంగా దాటుతాయి. అప్పుడు విచ్ఛిత్తి మాట అటుంచి, ఆ ఏడాది పూర్తి జమ కూడా లభించేది.

1984 సవరణ స్త్రీ కార్మికులకు ముఖ్యమైనది. హక్కు స్థిరపడని వారికి కూడా, వరుసగా కనీసం అయిదు సంవత్సరాల విచ్ఛిత్తి వస్తే తప్ప పాత జమ రద్దు కారాదని అది నిర్దేశించింది. బిడ్డ పుట్టిన కారణంగా పనికి దూరమైనవారికి 501 గంటల వరకు జమ ఇచ్చి విచ్ఛిత్తిని నివారించాలన్నది. 500 గంటలు విచ్ఛిత్తికి హద్దు గనుక, ఒక గంట ఎక్కువ ఇవ్వడంలో ఉన్న ఉద్దేశం స్పష్టమే.

1986లో ఒకే యజమాని నడిపే పింఛన్లలో గడువును అయిదేళ్ళకు తగ్గించారు. బహుయజమానుల నిధులలోని సంఘ కార్మికులకు మాత్రం పదేళ్ళ గడువు మరికొంతకాలం సాగింది. 1996 నాటి చట్టం ఈ వ్యత్యాసాన్ని తొలగించగా వారికి కూడా అయిదేళ్ళ నియమం వచ్చింది.

హక్కుకు వెనుక ధనం

హక్కు స్థిరపడినా నిధిలో డబ్బు లేకపోతే ఏమవుతుంది? 1963 డిసెంబరులో స్టూడిబేకర్ మోటారు కంపెనీ సౌత్ బెండ్ పట్టణంలోని కర్మాగారాన్ని మూసివేసినప్పుడు ఈ ప్రశ్న ఎదురైంది. అక్కడి పింఛను ఆటోమొబైల్ కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చినదే. అప్పటికే విరమించినవారికి పూర్తి పింఛను దక్కింది. పదేళ్ళు దాటిన సేవ ఉండి, అరవై ఏళ్ళు నిండని దాదాపు 4,000 మందికి రావలసిన దానిలో సుమారు 15 శాతమే ముట్టింది. మిగిలినవారికి అదీ లేదు. 1974 చట్టానికి ఈ ఉదంతం ఒక ముఖ్య ప్రేరణ.

అందుకే ఆ చట్టం పింఛన్లకు బీమా సంస్థను ఏర్పరచింది. బహుయజమానుల నిధి నుంచి తప్పుకునే యజమాని తన వంతు బాకీ తీర్చి పోవాలని 1980 చట్టం శాసించింది. అయినా బహుయజమానుల నిధులకు బీమా రక్షణ పరిమితమే. సర్వీసు సంవత్సరం ఒక్కింటికి నెలకు 35.75 డాలర్లకు మించదు. టీమ్‌స్టర్లకు చెందిన సెంట్రల్ స్టేట్స్ నిధి దివాలా అంచుకు చేరినప్పుడు, 2021 నాటి చట్టం కింద 2022 డిసెంబరులో ప్రభుత్వం సుమారు 3,600 కోట్ల డాలర్ల సహాయాన్ని ప్రకటించవలసి వచ్చింది. సర్వీసు జమ కాగితం మీద ఎంత పదిలంగా ఉన్నా, చందాలు సక్రమంగా చేరడం, నిధి నిలకడగా ఉండటం కూడా అంతే అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలో

మన దేశం వేరొక మార్గం అనుసరించింది. ఇక్కడ ఈ బాధ్యతను సంఘాల ఒప్పందాలకు వదలక శాసనం ద్వారా దేశమంతటికీ ఒకే ఏర్పాటు చేశారు. 1952 నాటి భవిష్యనిధి చట్టం తొలుత సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, వస్త్రం అనే ఆరు పరిశ్రమలకు వర్తించింది. 1971లో కుటుంబ పింఛను, 1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం వచ్చాయి. యజమాని చందాలో వేతనంపై 8.33 శాతం పింఛను నిధికి మళ్ళింది. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం చేర్చింది.

1995 పథకం పింఛను అర్హతకు పదేళ్ళ సేవను, 58 ఏళ్ళ వయస్సును నిర్ణయించింది. పింఛనుకు లెక్కించే సగటు వేతనాన్ని సేవా సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. సగటు వేతనం 14,000 రూపాయలు, సేవ 15 ఏళ్ళు అయితే పింఛను 3,000 రూపాయలు. ఇక్కడ కావలసినది ఒకే యజమాని దగ్గర పదేళ్ళు కాదు. పథకం వర్తించే సంస్థలన్నింటిలో కలిపి పదేళ్ళు.

వలస కార్మికునికి ఈ నియమం ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా షోలాపూరు, భివండి వంటి నేతకేంద్రాలకు తరలిపోయి అక్కడి వస్త్ర పరిశ్రమలో భాగమైనారు. అటువంటి ఒక కార్మికుడు షోలాపూరు మిల్లులో ఆరేళ్ళు, పిదప హైదరాబాదు కర్మాగారంలో అయిదేళ్ళు పనిచేశాడనుకుందాం. విడివిడిగా చూస్తే ఏదీ పదేళ్ళు కాదు. కలిపితే పదకొండు. మహారాష్ట్రలో నేసిన ఆరేళ్ళు, తెలంగాణలో శ్రమించిన అయిదేళ్ళు ఒకే ఖాతాలో చేరి అతనికి జీవితాంతం పింఛను హక్కు కల్పిస్తాయి.

అయితే షోలాపూరు వదలేటప్పుడు పింఛను ఖాతాలోని సొమ్మును అతడు తీసుకొని ఉంటే, ఆ ఆరేళ్ళు లెక్కలోంచి పోతాయి. చేతిలో పడిన కొద్ది డబ్బు ఖర్చవుతుంది. హైదరాబాదులో అయిదేళ్ళే మిగులుతాయి. సొమ్ము తీసుకోక, సేవాకాలాన్ని ధ్రువపరచే పథకపు సర్టిఫికెట్టు పొందితే ఆ సంవత్సరాలు నిలుస్తాయి. 2014లో ప్రవేశపెట్టిన సార్వత్రిక ఖాతా సంఖ్య యజమాని మారినా, రాష్ట్రం మారినా కార్మికునితోపాటే ఉండి ఈ పనిని సులభం చేసింది. కాని ఈ రక్షణ పథకం పరిధిలోని సంస్థలలో నమోదైనవారికే. గుత్తపనిలో పేరు నమోదు కాని కార్మికుని సంవత్సరాలు ఏ ఖాతాలోనూ చేరవు.

కనుక చదువు ముగించి పనిలో చేరే ప్రతి యువకుడూ, యువతీ ప్రారంభంలోనే అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నా పేరు నమోదైనదా? చేరిన తేదీ సరిగా ఉన్నదా? ప్రతి నెలా చందా చేరుతున్నదా? పని మారినప్పుడు పాత సేవ కొత్త ఖాతాలో కలిసిందా? డేనియల్ చందా 1961లో చేరలేదు. దాని ఫలితం 1973లో బయటపడింది. పన్నెండేళ్ళ తరువాత దిద్దుకోవడం అసాధ్యమైన తప్పు, ఆ నెలలోనే గమనిస్తే ఒక దరఖాస్తుతో తీరవచ్చు.